పీరా గీసిన ఇరవై మూడు సుడులు

హిందూపురం,
6 జనవరి 1980

శ్రీమతి హసీనాబీకి,

నేను గోవిందప్పను. కవరు మీది చేతిరాత చూడగానే గుర్తుపట్టి ఉంటావు. మీ అన్న పీరా, నేను నల్లమాడ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం కాబట్టి నిన్ను చెల్లీ అని పిలిచే చనువు ఒకప్పుడు ఉండేది. రెండున్నరేళ్ళకు పైగా ఒక్క ముక్క రాయనివాడికి ఆ చనువు ఇంకా మిగిలిందో లేదో తెలియక ఇలా పేరు పెట్టి రాస్తున్నాను.

పీరా పోయాడని తెలిసినప్పుడు నేను రావలసింది. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో ఉండి రాలేకపోయాను. అమ్మ దౌలత్‌బీ ఎలా ఉంది? మీ ఆయన ఖాజాసాబ్ మగ్గం సరిగ్గా నడుస్తోందా?

అసలు సంగతికి వస్తాను. నా పరిశోధన గురించి పీరా ఇంట్లో చెప్పే ఉంటాడు. సూర్యుడి మీద నల్లటి మచ్చలుంటాయి. ఆ మచ్చల దగ్గర అయస్కాంత బలం చాలా ఎక్కువ. మచ్చ చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు సుడి తిరిగి ఉంటాయి. అడుగున కనిపించే ఆ గీతలను బట్టి, పైన మన కంటికి కనిపించని బలరేఖలు ఎలా లేచి ఎలా వంగుతాయో సమీకరణాలతో కట్టడం నా పని. అరవై తొమ్మిదిలో తీసిన ఇరవై మూడు ఫోటోలను బెంగళూరు సంస్థవాళ్ళు కొద్దిరోజులకని నాకు ఎరువిచ్చారు. వాటిని గ్రాఫు కాగితం మీదికి గడి గడిగా ఎక్కించాలి. చీరల డిజైన్లు గీసి గీసి చెయ్యి తిరిగిన పీరా కంటే ఆ పని బాగా చేసేవాడు నాకు తెలియదు.

లెక్క కట్టాక ఆ కాగితాలను ఒకసారి సరిచూడమని వాడికే తిరిగి ఇచ్చాను. అది వాడు పోయిన ఏడు ఉగాదికి. ఆ తరువాత వాణ్ణి నేను చూడలేదు. ఇప్పుడు ఒక చిన్న సందేహం తీర్చుకోవడానికి ఆ ఇరవై మూడు కాగితాలూ కావాలి. ఈ ఏడాది లోపల నా సిద్ధాంత గ్రంథం మళ్ళీ సమర్పించకపోతే ఇక అవకాశం లేదు. దొరికితే పోస్టులో పంపగలవా?

గోవిందప్ప


ధర్మవరం,
20 జనవరి 1980

గోవిందన్నా,

శ్రీమతి అంటే ఎవరా అని కవరు అటూ ఇటూ తిప్పి చూశాను. నా జడ పట్టి లాగి ఏడిపించినవాడివి, ఇప్పుడు నాకు మర్యాదలు చేస్తున్నావా? నువ్వు చెల్లీ అనకపోయినా నేను అన్నా అనే రాస్తాను. కోపం లేక కాదు. ఉంది, బోలెడు ఉంది. మా అన్న జనాజా లేచిన రోజు వీధి మొగదల దాకా చూస్తూనే ఉన్నాను, నువ్వు వస్తావని. పేపర్లు దిద్దుకుంటున్నావన్నమాట. ఎవరెన్ని మార్కులు తెచ్చుకున్నారు?

నువ్వు అడిగిన కాగితాలు మా ఇంట్లోనే ఉన్నాయి. పెనుకొండ పోలీసులు ఇచ్చిన మూట ఇచ్చినట్లే ఉంది. అమ్మ దాన్ని పాత కొంగులో కట్టి, మూడు ముళ్ళు వేసి అటక మీద పెట్టింది. ఇంతవరకూ ఎవరూ విప్పలేదు. అమ్మ విప్పనివ్వదు. ఎందుకో చెబుతాను, విను.

మా అన్న పెనుకొండలో కోట గోడ కింద, ఒక బండ పక్కన పడి ఉన్నాడు. రెండు నిలువుల ఎత్తు బండ. మేకలు తోలుకొచ్చిన హనుమంతు అనే ఆయన సాయంత్రం చూసి కబురు చేశాడు. కాగితాల మూట బండ పైన ఉంది, ఎగరకుండా రాయి పెట్టి ఉంది. మే నెల ఎండలో ఆ బండ ఎక్కే పని ఎవరికుంటుంది? అందుకే ఊళ్ళో ఒక మాట పుట్టింది. పీరా తానే దూకాడని. మా ముందు ఎవరూ అనరు. మేము లేచి రాగానే అంటారు. అమ్మ చెవిన కూడా పడింది. మా వాళ్ళలో అది ఎంత పాపమో నీకు తెలుసు. ఏడాది తిరిగేసరికి పోయినవాళ్ళ పేరున ఫాతెహా చదివించాలి. రెండేళ్ళూ అమ్మ ఏదో ఒక సాకు చెప్పి దాటేసింది. "వాడు ఎట్ల పోయినాడో తెలీకుండా ఏమని దువా సేసేది?" అంటుంది. కొడుకు పేరు ఎత్తడమే మానేసింది.

నాకు కావలసింది ఒక్కటే అన్నా. మా అన్న దూకాడా, పడ్డాడా? నీ కాగితాలు తీసుకొని బయలుదేరాడంటే నీ దగ్గరికే వచ్చి ఉండాలి. హిందూపురానికి పోవలసినవాడు దారిలో పెనుకొండలో ఎందుకు దిగాడు? ఆ రోజు, మే పదిహేడున, నీ దగ్గరికి వచ్చాడా? వస్తే ఎలా ఉన్నాడు?

ఆ కాగితాల మీద వాడు కూర్చున్న కూర్చోవడం నువ్వు చూడలేదు. నాలుగు నెలలు చీరల పని పక్కన పెట్టాడు. అన్నం చల్లారిపోతున్నా లేచేవాడు కాదు. నేను కసురుకుంటే, "గోవిందు ఒగటే మాట సెప్పినాడు మే. చీరకు ఎట్ల గీస్తావో అట్లనే గీయి, ఒగ గడి గూడా తప్పకూడదు అన్నాడు. సూర్యుని చీర ఇది" అని నవ్వేవాడు. వాడు కూర్చునే పీట ఇప్పటికీ కిటికీ కింద అక్కడే ఉంది. దాని మీద ఎవరమూ కూర్చోము.

నా ప్రశ్నకు జవాబు రాయి. కాగితాల సంగతి తరువాత చూద్దాం.

హసీనా


హిందూపురం,
18 ఫిబ్రవరి 1980

చెల్లీ హసీనా,

ఈ జవాబు రాయడానికి నాలుగు వారాలు పట్టింది. మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ముందు నీ ప్రశ్నకు. ఆ రోజు పీరా నా దగ్గరికి రాలేదు. నాకు తెలిసినంతవరకు రాలేదు. పెనుకొండలో ఎందుకు దిగాడో నేను చెప్పలేను. అక్కడి బాబయ్య దర్గాకు పోదామనుకున్నాడేమో.

మొన్న శనివారం గ్రహణం చూశారా, లేక అందరిలా తలుపులు మూసుకున్నారా? ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర నుంచే వీధిలో కుక్క కూడా లేదు. నేను అట్టకు సూదితో చిల్లు పొడిచి, సూర్యుడి బింబాన్ని గోడ మీద పట్టాను. ఈ ఏడు సూర్యుడి మీద మచ్చలు జాస్తి. మామూలుగా అయితే ఆ సంగతి తలచుకొని సంబరపడేవాణ్ణి. ఎండ పాలిపోయి, వంటింటి గిన్నెల మీద కూడా వింత రంగు పడింది. అప్పుడు తలుపు గొళ్ళెం మోగింది. రెండుసార్లు. ఆగి, మూడోసారి.

పీరా అలాగే కొట్టేవాడు. నీకు తెలుసు, మీ ఇంట్లోనూ అంతే కదా.

తలుపు తీశాను. ఎవరూ లేరు. కానుగ చెట్టు కింద నేలంతా నెలవంకలు పడి ఉన్నాయి, ఆకుల సందుల్లోంచి. గడియారం చూస్తే నాలుగుకు పావు తక్కువ.

ఇది గ్రహణం నాటి ముచ్చటే అయితే నీకు రాసేవాణ్ణి కాదు. డెబ్బై ఏడు ఎండాకాలం నుంచీ ఉంది. రోజూ కాదు. పది రోజులకొకసారి, ఒక్కోసారి వరసగా రెండు రోజులు. ఎప్పుడైనా సరే అదే వేళ, నాలుగుకు పావు తక్కువ. పట్టపగలు. నేను లెక్కలు చెప్పుకొని బతికేవాణ్ణి, దయ్యాలను నమ్మను. గాలి అనుకున్నాను. గొళ్ళేనికి గుడ్డ చుట్టాను. గుడ్డ చుట్టాక కూడా మోగింది. ఇప్పుడు ఆ వేళకు కాలేజీలోనే ఉండేలా చూసుకుంటున్నాను. సెలవు రోజుల్లో మాత్రం తప్పదు.

ఇదంతా నీకు ఎందుకు రాశానో నాకే తెలియదు. కాగితాలు పంపించు హసీనా. వాటిని ఒక్కసారి చూస్తే చాలు.

గోవిందప్ప


ధర్మవరం,
3 మార్చి 1980

లెక్చరరు గోవిందప్ప గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు రాయడానికి నాలుగు వారాలు పట్టిన అబద్ధాన్ని చదవడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది.

పోలీసులు మూటతో పాటు మా అన్న చొక్కా కూడా ఇచ్చారు. చొక్కా జేబులో ఒక రైలు టికెట్టు ఉంది. దాన్ని అమ్మకు చూపించలేదు, మా ఆయనకూ చూపించలేదు. నా కుంకుడుకాయల డబ్బాలో దాచాను. ఇప్పుడు ముందు పెట్టుకొని రాస్తున్నాను. హిందూపురం నుంచి ధర్మవరం. తరగతి చెరిగిపోయింది గానీ తేదీ బాగానే ఉంది. 17 మే 77.

హిందూపురంలో మా అన్నకు మీరు తప్ప ఎవరున్నారు? వాడు మీ ఊరికి వస్తూ పెనుకొండలో దిగలేదు. మీ ఊరి నుంచి తిరిగి వస్తూ దిగాడు. ఈ సంగతి మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. మీరే చెబుతారని రెండేళ్ళ తొమ్మిది నెలలు ఊరుకున్నాను. జనవరిలో అడిగి చూశాను.

మా అన్న మీ గొళ్ళెం ఎందుకు కొడతాడో మీకే తెలియాలి. నిజం రాసేదాకా నాకు ఉత్తరం రాయకండి. కాగితాలు అటక మీదే ఉంటాయి. మీ థీసిసు ఏమైపోయినా నాకు పట్టదు.

హసీనాబీ


హిందూపురం,
11 ఏప్రిల్ 1980

హసీనా,

చెల్లీ అని రాయడానికి నాకు ఈ పూట ముఖం లేదు.

వాడు వచ్చాడు. పొద్దున తొమ్మిది దాటాక వచ్చాడు. రెండుసార్లు గొళ్ళెం కొట్టి, ఆగి, మూడోసారి కొట్టాడు. చేతిలో నువ్వు కట్టిచ్చిన ఉగ్గాని పొట్లం. లోపలికి వస్తూనే, "ఏమబ్బా, మన సూర్యుడు పాసైనాడా?" అన్నాడు. ముఖమంతా నవ్వు.

ముందు రోజే బెంగళూరు నుంచి నా థీసిసు పరీక్షకుడి ఉత్తరం వచ్చింది. మచ్చల చుట్టూ సుడి ఉంటుందని చెప్పాను కదా. దారానికి పురి ఉన్నట్టే ఆ బలరేఖలకూ పురి ఉంటుంది. పురి ఎంత, ఏ వైపు అన్నది ఒక్క అంకెలో తేలుతుంది. ఆ అంకె ముందు కూడిక గుర్తు ఉంటే ఒక వైపు, తీసివేత గుర్తు ఉంటే రెండో వైపు. నా లెక్కలో ఇరవై మూడు మచ్చలకూ పురి కుడివైపుకు వచ్చింది. అవే ఫోటోల నుంచి వాళ్ళు కట్టిన లెక్కలో ఎడమవైపుకు వచ్చింది. "ఈ గ్రాఫులు ఫోటోలు చూసి చేసినవి కావు, కల్పించినవి" అని రాశాడాయన. నా పన్నెండేళ్ళ పని ఆ ఒక్క వాక్యంతో పోయింది. కోపం పట్టలేక, ఉన్న ఇరవై మూడు కాగితాల మీదా ఎర్ర సిరాతో అడ్డంగా తప్పు అని రాశాను. ఒక్కొక్కదాని మీద, పెద్ద పెద్ద అక్షరాలతో.

అప్పుడు వచ్చాడు వాడు.

"పాసా?" అన్నాను. "నీ గళ్ళన్నీ దొంగ గళ్ళు. సుడి అంతా ఎదురు తిరిగింది. ఫోటో చూసి గీసినావా, నీ మనసుకొచ్చినట్ల గీసినావా?"

వాడికి ముందు అర్థం కాలేదు. కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. నా ఎర్ర అక్షరాలు చూశాడు. "ఒగ గడి గూడా తప్పు పోలేదు గోవిందా. ఫోటోలు తెప్పీ, పక్కన పెట్టుకొని ఇద్దరమూ సూస్తాం" అన్నాడు.

"ఫోటోలు యాడుండాయి? అవి ఎప్పుడో వాపసు పోయినాయి. చీరల మీద నెమళ్ళు గీసేవానికి సూర్యుణ్ణి ఇచ్చినా చూడు, నాది బుద్ధి తక్కువ."

ఆ మాట నేనన్నాను హసీనా. ఈ నోటితోనే అన్నాను.

వాడు కాగితాలన్నీ అంచులు కలిపి పేర్చుకున్నాడు. "నెమలిని గూడా నేను ఎప్పుడూ అబద్ధంగా గీయలేదప్పా" అని బయటికి నడిచాడు. నేను తలుపు వేశాను. కాసేపటికి గొళ్ళెం మళ్ళీ మోగింది. రెండుసార్లు. ఆగి, మూడోసారి. నేను తీయలేదు. కిటికీలోంచి చూస్తే మూట చంకన పెట్టుకొని స్టేషన్ దారిన పోతున్నాడు. ఉగ్గాని పొట్లం గడప మీద ఉంది. సాయంత్రానికి చీమలు పట్టాయి. నేను దాన్ని తీసి పారేయను కూడా లేదు, పనిమనిషి నాగక్క తీసింది.

రెండు రోజుల తరువాత వాడి కబురు తెలిసింది. మీ వీధిలోకి రావడానికి ధైర్యం చాలలేదు. పేపర్లు దిద్దే పని ఏమీ లేదు, ఉగాదికి కాగితాలు తిరిగి ఇచ్చానన్నదీ అబద్ధమే.

ఇక మిగిలింది కూడా చెబుతాను. నిరుడు సంస్థవాళ్ళను బతిమాలి ఆ ఫోటోల్లో మూడింటిని మళ్ళీ తెచ్చుకున్నాను. ఈసారి నా చేత్తో నేనే గళ్ళు నింపి లెక్క కట్టాను. పాత లెక్క పుస్తకం పక్కన పెట్టి చూశాను. మూడింటికీ అంకె అదే వచ్చింది, చివరి స్థానం దాకా అదే. ముందున్న గుర్తు ఒక్కటే వేరు. మనసుకొచ్చినట్లు గీసినవాడి అంకెలు ఇలా కలవవు. నా సమీకరణాలు పదకొండుసార్లు దిద్దుకున్నాను, అక్కడ తప్పు లేదు. వాడు దొంగ గళ్ళు నింపలేదు. అయినా సుడి ఎదురు తిరిగింది. ఎలా? అందుకే కాగితాలు అడిగాను. థీసిసు కోసం అని రాసింది సగమే నిజం.

నా వల్లనే వాడు దూకాడని నా భయం. అందుకే నీకు చెప్పలేకపోయాను. ఒక్కటి మాత్రం నాకు అంతు చిక్కదు. వాడు నా తలుపు కొట్టింది పొద్దున. నాకు వినిపించేది మధ్యాహ్నం.

నన్ను ఏమన్నా అను. పడతాను.

గోవిందప్ప


ధర్మవరం,
2 మే 1980

గోవిందన్నా,

నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు పొయ్యిలో పెట్టబోయాను. రెండోసారి చదవలేదు. రెండు వారాలు బియ్యం డబ్బా కింద ఉంది.

నిన్ను తిట్టవలసిన తిట్లన్నీ మనసులో తిట్టేశాను. అవి కాగితం మీద పెట్టను. ఇప్పుడు చెప్పబోయేది జాగ్రత్తగా చదువు.

మొన్న మా వీధి సోమక్క కూతురి పెళ్ళి చీర మా మగ్గం మీదికి ఎక్కింది. కొంగులో పెళ్ళికూతురి పేరు నేయాలి. గ్రాఫు గీసేవాడు లేడు కదా, ఇప్పుడు ఆ పని నేనే చేస్తున్నాను. అన్న పక్కన కూర్చొని నేర్చుకున్నది. పేరులోని అక్షరాలను వెనక నుంచి ముందుకు, తిరగేసి గీస్తూ ఉన్నాను. గీస్తూ గీస్తూ పెన్సిలు ఆపేశాను.

అన్నా, మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. ముఖం కిందికి, వీపు పైకి. నేసేవాడికి ఎప్పుడూ వెనక వైపే కనిపిస్తుంది. ముఖం ఎలా వస్తోందో చూసుకోవడానికి మా ఆయన పడుగు కింద ఒక అద్దం పెట్టుకుంటాడు. అందుకని గ్రాఫు కూడా తిరగేసే గీస్తాం. మా కాగితంలో నెమలి కుడికి చూస్తే చీర మీద ఎడమకు చూస్తుంది. ఇది మాకు ఎవరూ చెప్పరు. మేము ఎవరికీ చెప్పం. అన్నం కుడిచేత్తో తినమని పెద్దవాళ్ళకు చెప్పాలా?

నువ్వు ఏం చెప్పావు వాడికి? చీరకు ఎట్ల గీస్తావో అట్లనే గీయి అన్నావు. వాడు అట్లనే గీశాడు. ఒక్క గడి తప్పకుండా గీశాడు.

నువ్వు పురి పురి అని రాశావు. దారం పురి ఏ పక్క నుంచి చూసినా అదే పురి, తిప్పినంత మాత్రాన మారదు. అందుకే నీకు తట్టి ఉండదు. కాగితం మీది బొమ్మ అట్లా కాదు. తిప్పితే మారుతుంది.

అప్పుడు అమ్మను అడిగాను, మూట విప్పుతానని. అమ్మ పక్కకు తిరిగి కూర్చుంది. మూడు ముళ్ళూ విప్పాను. ఒక కాగితం తీసి వాకిట్లోకి పోయి, వెనక వైపు నాకు కనిపించేలా ఎండకు అడ్డం పట్టాను. నీ సూర్యుడి సుడి ఎడమకు తిరిగింది అన్నా. నువ్వు ఎర్రగా రాసిన తప్పు అన్న మాట మాత్రం తిరగబడి, చదవడానికి రాకుండా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఎదురింటి రోషన్‌బీ పరుగెత్తుకొచ్చింది.

ఇంకా ఉంది. కాగితాల వెనక వైపు, కుడి మూలన, నీలం పెన్సిలుతో చిన్న సున్నాలున్నాయి. గ్రాఫును ఏ వైపు నుంచి చూడాలో మరచిపోకుండా మేము పెట్టుకునే గుర్తు అది. అవి ఇంట్లో పెట్టినవి కావు. ఇంట్లో, చీర గ్రాఫుకు పెట్టినట్టు పెట్టి ఉంటే గీసిన వైపే పెట్టేవాడు, నేసేవాడు చూసేది ఆ వైపే కాబట్టి. పదకొండు కాగితాల మీద ఉన్నాయి. పన్నెండో కాగితం మిగతావాటిలా లేదు, నలిగిపోయి ఉంది. వాడి చేతిలో ఒక కాగితం దొరికిందని, దాన్నీ మూటలో పెట్టామని అప్పుడు పోలీసులు చెప్పారు, అది ఇదే. దాని మీద సున్నా సగం దాకా వచ్చి ఆగిపోయింది. మిగిలిన పదకొండింటి మీద ఏమీ లేదు.

వాడికి తెలిసిపోయింది అన్నా. నువ్వు సుడి ఎదురు తిరిగింది అన్నావు కదా, రైల్లో కూర్చొని అదే ఆలోచించుకొని ఉంటాడు. కిటికీ ఎండలో కాగితం తిప్పి చూసి ఉంటాడు. అందుకే పెనుకొండలో దిగాడు. ఎండ బాగా తగిలే చోటు చూసుకొని బండ ఎక్కాడు. ఒక్కొక్క కాగితమే సూర్యుడికి అడ్డం పట్టి, సరిచూసి, గుర్తు పెట్టుకుంటూ వచ్చాడు. మే నెల మిట్టమధ్యాహ్నం తలెత్తి సూర్యుణ్ణి చూస్తూ నిలబడ్డాడు, పొద్దుటి నుంచి ఏమీ తినకుండా. కళ్ళు తిరిగాయి.

ఇదంతా నా ఊహ అంటావేమో. మూటలో కాగితాల మధ్య ఇంకొక టికెట్టు ఉంది. పెనుకొండ నుంచి హిందూపురం. అదే తేదీ. కత్తిరింపు పడలేదు.

వాడు నీ దగ్గరికి తిరిగి వస్తున్నాడు.

ఆ టికెట్టు అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు చదువు రాదు, చదివి చెప్పాను. చాలాసేపు దాన్ని బొటనవేలితో రుద్దింది. "సావను పోయేటోడు రైలుకు టికెట్టు కొంటాడా మే?" అంది. మూడేళ్ళలో మొదటిసారి గట్టిగా ఏడ్చింది. "నా పీరా పడినాడు, దూకలేదు" అని వీధంతా వినిపించేలా అరిచింది. వినాలనే అరిచింది. పదిహేడో తేదీ ఫాతెహాకు ఇప్పటి నుంచే వక్కాకులు, బియ్యం చూసుకుంటోంది. నీకూ చెప్పమంది.

నిన్ను క్షమించానా అని అడగకు. ఇంకా తెలియదు. కాగితాలు మాత్రం ఖాజాసాబ్ చేత పంపుతున్నాను, రెండో టికెట్టు కూడా అందులోనే పెట్టాను. అది నీ కోసం కొన్నది, నీ దగ్గరే ఉండాలి.

చివరిగా ఒక్క మాట. మధ్యాహ్నం బండికి పెనుకొండలో ఎక్కితే హిందూపురంలో నీ గుమ్మం దగ్గరికి ఎన్ని గంటలకు చేరతారు? లెక్కల మనిషివి, నువ్వే వేసుకో.

హసీనా


పెనుకొండ రైల్వే స్టేషన్,
17 మే 1980

చెల్లీ హసీనా,

ఒళ్ళో పుస్తకం పెట్టుకొని బెంచీ మీద రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. రేపు పొద్దున ధర్మవరం వస్తాను. ఫాతెహాకు అమ్మ ముందుకు ఈ రోజే రావలసింది. కానీ ఇక్కడ వాడి పని ఒకటి మిగిలి ఉంది, అది ఈ రోజే చేయాలనిపించింది.

పొద్దున ఇక్కడ దిగి, హనుమంతును వెతికి పట్టుకున్నాను. ఆయనే బండ చూపించాడు. "ఆయప్ప మీకేమవుతాడు?" అని అడిగాడు. మా బెంచీ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అయినా తలూపి, "ఎండ జాస్తిగా ఉండాది, శానాసేపు ఉండొద్దప్పా" అని తన తువ్వాలు తడిపి నా తలకు చుట్టి పోయాడు.

కూర్చునే చేశాను, నిలబడలేదు. పన్నెండో కాగితం మీది సున్నాను వాడు ఆపిన చోటి నుంచి కలిపాను. మిగిలిన పదకొండింటినీ వాడు చేసినట్టే ఒక్కొక్కటిగా ఎండకు అడ్డం పట్టి, సుడి చూసుకొని, వెనక మూలన నీలం గుర్తు పెట్టాను. నా ఎర్ర అక్షరాలు ప్రతిసారీ తిరగబడి కనిపించాయి. వాటిని చెరపడం లేదు. చూడవలసినవాళ్ళు చూడాలి.

బెంగళూరుకు నిన్ననే రిజిస్టరు ఉత్తరం పంపాను. "గళ్ళు నింపినది ధర్మవరం డిజైనరు పీరాసాబ్. ఆయన పనిలో ఒక్క గడి కూడా తప్పు లేదు. ఆ కాగితాన్ని ఏ వైపు నుంచి చదవాలో అడగనిది నేను, అడగకుండా ఆయనను దొంగ అన్నదీ నేనే" అని రాశాను. గుర్తులన్నీ మార్చి లెక్క మళ్ళీ కట్టాను. అంతా వాళ్ళ లెక్కతో కలిసింది. గ్రంథం ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఒప్పుకుంటే మొదటి పేజీలో నా పేరు కంటే ముందు వాడి పేరు ఉంటుంది. ఒప్పుకోకపోయినా ఆ పేజీ రాసి నీకు ఇస్తాను.

తరగతిలో ప్రతి ఏడూ అద్దంలో ప్రతిబింబం గురించి బోర్డు మీద గీసి చెబుతాను హసీనా. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది అని. నా స్నేహితుడి పని మీద అనుమానం వచ్చినప్పుడు అది గుర్తు రాలేదు. వాడు దొంగ అన్నది మాత్రం వెంటనే తోచింది. అదే నన్ను తినేస్తోంది, ఇక ముందు కూడా తింటుంది.

నీ లెక్క వేశాను. ఇక్కడి నుంచి మధ్యాహ్నం బండి రెండున్నరకు. స్టేషన్ నుంచి నడిస్తే మా గుమ్మం దగ్గరికి నాలుగుకు పావు తక్కువ అవుతుంది.

వాడు కొన్న టికెట్టు నా జేబులోనే ఉంది. అది ఇప్పుడు చెల్లదు కదా, కౌంటరులో హిందూపురానికి రెండు టికెట్లు అడిగాను. గుమాస్తా కిటికీలోంచి తల బయట పెట్టి చూశాడు. "ఒగరే కదా ఉండారు, ఇంగొకాయప్ప యాడ?"

"కొండ కాడ ఉండాడు. వస్తాండాడు" అన్నాను.

బండి కూత వినిపిస్తోంది. ఈ రోజు ఇంటి తలుపుకు గొళ్ళెం పెట్టకుండా వచ్చాను.

గోవిందు